అడవి దిక్కు గేటు

రేగులకుంట,
10 జూన్ 2025

బిడ్డా భవాని,

మీ అమ్మమ్మ రామక్క చెప్తుంటే మీ సంగీతత్త రాస్తున్న జాబు ఇది. ఇక్కడ అందరం పాణంతో ఉన్నం. నువ్వూ ఉన్నవనుకుంట. ఫోన్ చేస్తే "మీటింగ్‌ల ఉన్న అమ్మమ్మా, మళ్ళ చేస్త" అని పెట్టేస్తవ్. ఆ మళ్ళ ఇంకా రాలే. కాగితాన్నైతే నడుమల పెట్టెయ్యరాదు. చదవాలె, లేకుంటే చింపాలె. చింపేటంత ధైర్యం నీకు లేదు, నాకెరుక.

సంగతి ఏందంటే, క్రాస్‌రోడ్డు కాడ జేసీబీ వచ్చింది. రేగు పొదలన్నీ ఒకదిక్కు నెట్టింది. ఏందయ్యా ఇది అంటే డ్రైవర్ అన్నడు, "కొత్త సంత యార్డు పెద్దమ్మా, మూడూళ్ళ సంతలు ఇగ ఇక్కడనే." ఎవరు చెప్పిండ్రంటే పైనుంచి అన్నడు. పైన ఎవరని పంచాయతీ సెక్రటరీని అడిగిన. "నీ మనవరాలే వచ్చి సర్వే చేసిపోయింది గదా, నన్నడుగుతవేంది?" అన్నడు. నలుగురి ముంగట అన్నడు. నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?

పోయిన ఎండకాలం నువ్వు పలక లాంటి ఫోన్ పట్టుకొని సంతకు వచ్చినవ్. నా పక్కన కూసున్నవ్. నీడ కావాల్నా అన్నవ్, అవ్ అన్నం. తాగేటందుకు నీళ్ళు? అవ్. కాంటాలు? అవ్. బాత్రూములు కావాల్నా అంటే నేను సప్పుడు చెయ్యలే, మిగిలినోళ్ళు అవ్ అన్నరు. తావు మారుస్తం, అక్కడికి పోతరా అని అడిగినవా? ఒక్కసారన్న అడిగినవా? అన్నం పెట్టాల్నా అని అడిగి, అవ్ అనంగనే ఇల్లు ఖాళీ చేపిచ్చినట్టుంది నీ పని.

నీకు తెల్వనిది కాదు, అయినా ఇది కాగితం మీద ఉండాలె, నీ సార్లకు చదివి వినిపియ్యి. మన గురువారం సంత వాగొడ్డున ఎట్ల మొదలైతది? పొద్దుగాల అందరు బుట్టలు దించుకొని కూసుంటరు. ఎవ్వరు బేరం చెయ్యరు. గుట్ట మీది గూడెం నుంచి జంపయ్య దిగుతడు, ఎనక వాళ్ళ మనుషులు కావళ్ళతోని దిగుతరు. మోదుగాకు దొప్పల దోసెడు ఇప్పపువ్వో ఉసిరికాయలో తెచ్చి నా ముంగట పెడతడు. నేను నా బుట్టలకెల్లి ఎండు మెత్తళ్ళు, నేనమ్మే ఆ చిన్న చేపలు, దోసెడు పోస్త. అది నా బోణి. అటెన్క నేను లేచి ఒక్కొక్క బుట్ట కాడికి పోయి, చేతిల పైసలు పెట్టి ఏదో ఒకటి కొంట. ఒకరి కాడ ఉల్లిగడ్డ, ఒకరి కాడ గాజు. అది వాళ్ళ బోణి. నా చెయ్యి మంచిదని మూడు మండలాల పేరు. జంపయ్య రాకుంటే నాకు బోణి లేదు. నాకు లేకుంటే సంతకే లేదు. మా అత్త కాలం నుంచి గిట్లనే నడుస్తుంది.

రాసేటామె కలం ఆపింది. ఏందే అంటే, "షెడ్డు మంచిదే గదా అత్తమ్మా, వానకు మిరపకాయ తడవది" అంటుంది. అది కూడ రాయి అన్న. రాసింది, చూడు. మీ అత్త నీ దిక్కే.

ముందు జేసీబీని ఆపించు. తర్వాత జాబు రాయి.

ఇట్లు,
నీ మీద కోపంల ఉన్న మీ అమ్మమ్మ
(ఏలిముద్ర నాదే. సంతకం నేర్పుతనని పోయిన దసరాకు చెప్పినవ్.)


హైదరాబాద్,
24 జూన్ 2025

అమ్మమ్మా,

నీ జాబు ఆఫీసు అడ్రసుకు వచ్చింది. కవరు మీద ఎండు చేపల వాసన. మా అటెండర్ ముక్కు మూసుకొని నా టేబుల్ మీద పెట్టిండు, నాకు నవ్వొచ్చింది. లోపల చదివినంక నవ్వు పోయింది.

నీకు కోపం రావుడు న్యాయమే. కానీ ఒక సంగతి నీకు ఎవ్వరూ చెప్పలేదు. వాగొడ్డున మనం కూర్చునే జాగ ఫారెస్టు వాళ్ళది. అక్కడ ఒక్క రేకు కూడా వెయ్యనియ్యరు. నీడ కావాలంటే తావు మారాల్సిందే. ఇంకో దారి ఉంటే నేనే చూపించేదాన్ని. చిన్న చిన్న సంతలు ఒక్కొక్కటి మూతపడుతున్నయ్ అమ్మమ్మా. ఊర్లళ్ళ పిల్లలు ఫోన్ల ఆర్డర్ పెడుతున్నరు, సామాను ఇంటికి వస్తుంది. మూడు సంతలు కలిస్తే ఖమ్మం నుంచి లారీలు వస్తయ్, చింతపండు, చీపుర్లు అక్కడికక్కడే కొనుక్కుంటరు. పల్లెల్ల సంపాదన పెరగాలంటే ఇట్ల ఒకచోట జమ చెయ్యాలని మా ప్రాజెక్టు ఆలోచన. నేను దాన్ని నమ్మే ఈ పనిల చేరిన.

తావు మార్చనీకి "అందరూ సమ్మతించిండ్రు" అని పై కాగితంల ఉంది, అది నేను రాయలేదు. నేను రాసింది నీడ, నీళ్ళు, కాంటా, బాత్రూం కావాలంటున్నరని. ఆ మాట అందుల ఎట్ల వచ్చిందో కనుక్కుంట.

యార్డులో ఎవరెక్కడ కూర్చోవాలో గీసింది మాత్రం నేనే. ప్లాను కాపీ ఈ జాబుతో పంపుతున్న. నీకు సిమెంటు గద్దె ఉంది, దానికి నీ పేరు ఉంటది. నిన్ను అక్కడి నుంచి ఎవ్వరూ లేపరు. సంగీతత్తను చూపియ్యమను.

మోకాళ్ళ నూనె అయిపోయిందా? బస్సుల పంపుత.

నీ మనవరాలు,
భవాని


రేగులకుంట,
6 జూలై 2025

భవానికి,

ఈసారి బిడ్డా అని మొదలుపెట్టుమని సంగీత అంటుంది. నేను వద్దన్న.

నీ ప్లాను నేల మీద పరిచినం, నాలుగు మూలల నాలుగు మానికలు పెట్టినం గాలికి లేవకుండ. నా గద్దె ఏదే అంటే సంగీత వేలు జరుపుతనే ఉంది. గేటు దాటింది. కూరగాయలు దాటింది. గాజులు, బట్టలు, కుండలు దాటింది. బాత్రూములు కూడ దాటింది. అక్కడ, ఎనక గోడకు ఆనిచ్చి, మూలకు పెట్టినవ్ నన్ను. "ఎండు చేపలు" అని రాసి ఉందంట. రామక్క అని కూడ లేదు.

నువ్వు హాస్టల్ల ఉన్నప్పుడు నీ పెట్టెల ఎండు రొయ్యల పొడి కట్టి పంపేదాన్ని. రూమ్‌ల పిల్లలు వాసన అంటే, మా అమ్మమ్మ పంపింది, తింటే తినుర్రి లేకుంటే బయటికి పోర్రి అన్నవంట. మురిసిపోయిన ఆ మాటకు. ఆ పిల్ల ఎటుపోయింది? ఇప్పుడు నువ్వే ముక్కు మూసుకొని పెన్సిలు పట్టుకున్నవా?

మీ తాత ఇల్లందు బాయిల బొగ్గు తవ్వేటప్పుడు కూడ నేను ఈ బుట్ట దించలే. ఆయన పోయినంక అయితే చెప్పే పనే లేదు. సంత మొదట్ల కూసున్న, వాగు దిగంగనే కనపడేటట్టు. గుట్ట మీదోళ్ళు దిగి ముందు నన్ను చూస్తరు. కొత్త యార్డుకు గోడ లేస్తుంది. పొయ్యి చూసొచ్చిన. సిమెంటు కంబాలు, నడుమల పలకలు. చుట్టూ గోడ, రోడ్డు దిక్కు ఒక్కటే గేటు. గుట్ట నుంచి దిగే కాలిబాట తిన్నగ ఎనక గోడకు తగుల్తది. జంపయ్య లోపలికి ఎట్ల రావాలె? కావడి భుజాన పెట్టుకొని మెయిన్ రోడ్డు చుట్టి రావాల్నా? బొగ్గు లారీలు, జామాయిల్ కర్ర లారీలు ఎంత జోరు పోతయో నీకెరుక. పైగా అక్కడ చెక్‌పోస్టు. మూటలు విప్పి చూస్తరేమోనని వాళ్ళకు భయం. వాళ్ళు ఆ రోడ్డు ఎక్కరు. రాయించుకో, ఎక్కరు.

ఇంకో మాట. ఈ యార్డు లేస్తే నీ నౌకరి పర్మినెంట్ అయితదని సెక్రటరీ అంటుండు. అందుకేనా? అయితే సక్కగ చెప్పు. అమ్మమ్మా, నువ్వు మూలకు కూసుంటే నాకు జీతం ఖాయమైతది అని చెప్పు. అడిగితే నేను కాదనే మనిషినా? అడగకుండ తీసుకునుడు నాకు మండుతుంది.

వచ్చే వారం ఆడోళ్ళందరిని తీసుకొని మండలాఫీసు ముంగట కూసుంట. బుట్టలతోనే పోతం. వాసన ఎట్లుంటదో వాళ్ళకూ తెలవాలె.

నూనె పంపకు.

రామక్క


హైదరాబాద్,
19 జూలై 2025

అమ్మమ్మకు,

నూనె పంపిన. వాడకున్నా సరే.

నా నౌకరి పర్మినెంట్ కాదు. డిసెంబర్ దాకనే నా కాంట్రాక్టు, యార్డు లేచినా లేవకున్నా. ఆ సెక్రటరీ చెప్పిన మాట నమ్మినవ్, నన్ను అడగలేదు. అడగకుండ తీసుకునుడు అంటే నీకు మంట అన్నవ్, అడగకుండ అనుకునుడుకు కూడా అట్లనే మండుతది.

నువ్వు పని ఆపించినవని మా టీమ్ లీడర్ హరిప్రసాద్ సార్‌కు కబురొచ్చింది. "మీ ఊరే కదా, మీ అమ్మమ్మనే కదా" అని నా ముంగట ఫైలు మూసిండు. ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని నేను.

ఎండు చేపలు వెనక పెట్టింది వాసన కోసమే. అబద్ధం ఆడను. ఏ మార్కెట్‌లనైనా అట్లనే పెడతరు, పుస్తకంల అట్లనే ఉంటది. గీసేటప్పుడు అది నీ గద్దె అని నాకు గుర్తు రాలేదంటే నువ్వు నమ్మవు. నాకే నమ్మబుద్ధి అయితలేదు.

ఇంకొకటి. నేను సర్వేకు వచ్చిన రోజు నువ్వు జంపయ్య తాతతోని మాట్లాడనీకి వాగు దాకా పోయినవ్. అప్పుడు మిగిలిన ఆడవాళ్ళు నాకు కొన్ని సంగతులు చెప్పిండ్రు. నువ్వున్నప్పుడు చెప్పనివి. అవి నేను రాయను, వాళ్ళు చెప్పాల్సినవి. నువ్వే కూర్చోబెట్టి అడుగు. అరవకుండ అడుగు.

భవాని


రేగులకుంట,
22 ఆగస్టు 2025

భవానీ,

చెయ్యి మారింది, చూసే ఉంటవ్. రాసేది చాంది, తండా అంగన్‌వాడీ టీచరు, లాలు పెండ్లాం. సంగీత కొత్తగూడెం దవాఖానాల ఉంది. భయపడకు, మంచిగనే అయింది, ఇంకో రెండు మూడు రోజులల్ల పంపుతరంట.

ముందు ఇది చెప్త. పని ఆపింది నేను కాదు, వాన. మేం మండలాఫీసుకు పోయిననాడు ఆఫీసుల ఎవ్వరు లేరు, తాళం. వరండాల కూసోని వాన చూసొచ్చినం. ఆ వానకు యార్డు పునాదుల నీళ్ళు నిలిచినయ్, మేస్త్రీలు పోయిండ్రు. నీ హరిప్రసాద్ సార్‌కు చెప్పు, వాన మా చుట్టం కాదని.

పోయిన గురువారం సంతల సంగీత మిరపకాయల మీదనే వాలిపోయింది. ఒళ్ళు కాలిపోతుంది. వణుకు. ఆటోల ఏసుకొని టేకులపల్లి, ఆడ్నుంచి కొత్తగూడెం. మూత్రంల చెడి కిడ్నీ దాక పోయిందంట. డాక్టరమ్మ చిన్న పిల్ల, నీ అంత ఉంటది. "నీళ్ళు ఎందుకు తాగవు?" అని సంగీతను అడిగింది. సంగీత నా దిక్కు చూసింది. నన్నేంది చూసుడు? నేనేమన్న నీళ్ళ కుండకు తాళం ఏసిన్నా?

అప్పుడు చెప్పింది. సంత రోజు ఇంట్ల బయల్దేరినప్పటి నుంచి పొద్దుగూకి ఇంటికొచ్చే దాక నీళ్ళు ముట్టదంట. ఇది ఒక్కతే కాదు, చిన్న వయసోళ్ళందరు అంతే. వాగొడ్డున మగోళ్ళు నిండుంటరు, ఎటు పోవాలె అత్తమ్మా అన్నది. నాకెందుకు చెప్పలేదే అంటే, "చెప్తే మేం పోలేదా, మాకు కాలేదా ఈ యేషాలు అంటవు" అన్నది. నేను అట్ల అంటనా అని చాందిని అడిగిన. చాంది రాసుడు ఆపి "అంటవు పెద్దమ్మా" అన్నది. ఈమెను రాయనీకి పిలిచిన, సాక్ష్యానికి కాదు.

నువ్వు ఆనాడు విన్నది ఇదేనా? విని, నాకు చెప్పకుండ, బాత్రూం అని ఒక గీత గీసి ఊకున్నవా? నాకు చెప్తే నేను ఆ దినమే తడకలు కట్టిచ్చేదాన్ని గదనే. మీ అందరికి నేనంటే ఏందో భయం. నేను పులినా?

మంచం పక్కన కూసుంటే నాకు ఒక్క జాగల నిలకడ లేదు. వరండా కొస దాక పోత, వస్త, మళ్ళ పోత. నర్సమ్మ కూసోవమ్మా అని తిట్టింది. నడుస్తనే మొత్తం ఆలోచన చేసిన. విను.

మీ యార్డుల బాత్రూం ఉంది, గుట్ట మీదోళ్ళకు బాట లేదు. మా సంతల బాట ఉంది, ఆడోళ్ళకు బాత్రూం లేదు. నేను వాగొడ్డునే ఉంటనంటే ఇది మళ్ళ దవాఖానా పాలైతది. యార్డుకు పోదామంటే జంపయ్య పోతడు. ఆయన పోతే ఆ గూడెమోళ్ళు ఉప్పుకు, చేపలకు, బట్టకు ఎటు పోవాలె? వాళ్ళు తెచ్చేది లేకుంటే మన సంతల ఉన్నదేంది, ఖమ్మంల దొరకనిది? నీ లారీలు దేని కోసం రావాలె?

అందుకని, వస్తం. నేను వస్త, అందరిని తీసుకొస్త. ఎనక గోడకు, అడవి దిక్కు, ఒక గేటు పెట్టుర్రి. అంతే. పెద్దది వద్దు, కావడి పట్టేటంత. జంపయ్య మొన్న వచ్చి గోడ చూసిండు. పలక మీద అరచెయ్యి పెట్టిండు. "దీనికి తలుపు ఎటక్కా?" అన్నడు. రోడ్డు దిక్కు చూపిచ్చిన. ఎనకకు మర్లిపోయిండు. ఆ మర్లిపోవుడు నాకు నిద్ర పట్టనిస్తలేదు.

గేటు సంగతి చెప్పు.

అమ్మమ్మ
(నూనె వాడుతున్న.)


హైదరాబాద్,
11 సెప్టెంబర్ 2025

అమ్మమ్మా,

సంగీతత్తతోని ఫోన్ల మాట్లాడిన. గొంతు మంచిగనే ఉంది. "మీ అమ్మమ్మ గంటగంటకు చెంబు పట్టుకొని నిలబడుతుంది, తాగే దాక పోదు" అన్నది.

అవును, ఆనాడు విన్నది అదే. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నరు. బాత్రూం గీస్తే చాలనుకున్న. తప్పో ఒప్పో ఇప్పుడు తెలుస్తలేదు.

గేటు కోసం అడిగిన. రెండుసార్లు అడిగిన. రెండో గేటు ఎస్టిమేట్‌ల లేదన్నరు. రెండో గేటు పెడితే రెండో వాచ్‌మన్ కావాలె, ఆ జీతం ఎవరు ఇస్తరన్నరు. అడవి దిక్కు తెరిస్తే ఫారెస్టు వాళ్ళ ఉత్తరం కావాలన్నరు. ఒక్కొక్కరు ఇంకొకరి పేరు చెప్తరు. అందరూ మర్యాదగనే చెప్తరు, అదే నాకు ఎక్కువ కష్టం. ఎవరి మీద అరవాలో అర్థం కాదు. నీకైతే తెలిసేది.

సర్వేల నేను తావు మార్పు గురించి అడగలేదు, ఎవ్వరూ దానికి ఒప్పుకోలేదు అని కూడా రాసి ఇచ్చిన, సంతకం పెట్టి. హరిప్రసాద్ సార్ చదివి, "ఇది మంచి పాయింటే భవానీ, వచ్చే ప్రాజెక్టుల గుర్తు పెట్టుకుందాం" అన్నడు.

నవంబర్ ఇరవై, గురువారం, ప్రారంభం. నువ్వు బోణి చెయ్యకుంటే ఆడవాళ్ళు బేరం మొదలుపెట్టరని మీ సెక్రటరీ పైకి చెప్పిండంట. నిన్ను ఒప్పించుమని నాకు పని అప్పజెప్పిండ్రు. నేను ఒప్పించను. నాకు అప్పజెప్పిండ్రని చెప్తున్న, అంతే. నువ్వు ఏం చేసినా నా గురించి ఆలోచించకు. నా కాంట్రాక్టు ఎట్లనైనా అయిపోతది.

ఆ రోజు నేను రాలేను, నన్ను వేరే జిల్లాకు వేసిండ్రు. కావాలనే వేసిండ్రేమో.

భవాని


రేగులకుంట,
22 నవంబర్ 2025

బిడ్డా భవాని,

బిడ్డా అని నేనే చెప్పిన, సంగీత చెప్పలే. రాసేది మళ్ళ ఇదే. చెయ్యి బాగనే కదులుతుంది, నోరు ఇంకా బాగ కదులుతుంది.

గురువారం సంగతి నీకు ఎవరెవరో ఏమేమో చెప్పుంటరు. జరిగింది ఇది.

తెల్లారంగనే అందరు క్రాస్‌రోడ్డుకు పోయిండ్రు. నేను ముందు వాగొడ్డుకు పోయిన. ఎందుకంటే చెప్పలేను, కాళ్ళు అటే పోయినయ్. ఎవ్వరు లేరు. ఒక కుక్క పండుకొని ఉంది, నేను కూసునే తావులనే. లే అన్న. లేవలే. సరే ఉండు అని, బుట్ట ఎత్తుకొని గుట్ట బాట పట్టి యార్డు ఎనకకు పోయిన. గోడకు ఈవల, అడవి దిక్కు, బుట్ట దించి కూసున్న.

లోపల మైకు మోగుతుంది. పెద్ద సారు రిబ్బన్ కత్తిరిచ్చిండంట. పల్లె మారుతది, దేశం మారుతది అని మస్తుసేపు మాట్లాడిండు, గోడవతల నాకూ ఇనపడింది. మాటలు చెడ్డవి కావు. తర్వాతది సంగీత చెప్తది, అది లోపల ఉంది. చెప్పవే, నీ నోటితోనే రాయి.

భవానీ, నేను సంగీతను. పెద్ద సార్ నా గద్దె కాడికొచ్చి మిరపకాయలు తీసుకున్నడు. ఫోటోలోళ్ళు చుట్టు నిలబడ్డరు. ఫోన్ తీసి స్కాన్ చేసే బోర్డు మీద చూపిచ్చిండు. డబ్బా "పైసలు జమ అయినయ్" అన్నది. అందరు సప్పట్లు కొట్టిండ్రు. నేను చెయ్యి చాపి అట్లనే ఉన్న. చేతిల ఏం పడలే. కండ్లకు అద్దుకుందామంటే ఏం అద్దుకోవాలె? పక్కన గాజులామె "అయిందా నీకు బోణి?" అంది. ఎవ్వరు బేరం మొదలువెట్టలే. కొననీకి వచ్చినోళ్ళు ధర అడుగుతున్నరు, మావోళ్ళు కిందికి చూస్తున్నరు. ఎవ్వరు అనుకోలే భవానీ, కొట్లాట చెయ్యాలని ఎవ్వరి మనసుల లేదు. చేతులు లేవలే. సరే, ఇగ అత్తమ్మ నా మాట ఆపి తనే చెప్తనంటుంది, రాస్తున్న.

విన్నవా? అప్పుడు నీ హరిప్రసాద్ సార్ నన్ను ఎతుక్కుంట గోడ చుట్టి వచ్చిండు. మెయిన్ రోడ్డు మీద నుంచే వచ్చిండు. లారీ ఒకటి పక్కనుంచి పోయిందంట, మొఖమంత దుమ్ము. మంచిగైంది అనుకున్న, అట్ల అనుకోవద్దు గని అనుకున్న.

"పెద్దమ్మా, లోపల అందరు నీ కోసం చూస్తున్నరు, జల్దీ రా, భోజనాలు చల్లారుతున్నయ్" అన్నడు.

"నాకు ఇంకా బోణి కాలే సారూ" అన్న.

"నేను చేస్త, ఏం కావాలె?" అని జేబుల చెయ్యి పెట్టిండు.

"నువ్వు కాదు. ఆయన" అన్న. అప్పటికే జంపయ్య దిగిండు, బాట మీద నిలబడి ఉన్నడు, ఎనక వాళ్ళ మనుషులు. కావళ్ళు దించలే. మర్లిపోయేటట్టే ఉన్నరు.

"రమ్మను, గేటు దిక్కు నుంచి రమ్మను."

"వాళ్ళు ఆ రోడ్డు ఎక్కరు. మీరు ఇప్పుడొచ్చిండ్రు గదా, ఎట్లుంది?"

దుమ్ము తుడుచుకున్నడు. మంచోడే అనిపిచ్చింది నాకు, ఊకెనే మొఖం మాడ్చుకుంటడు గని. గోడ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. లోపల మైకుల ఎవరో "రామక్క గారు ఎక్కడున్నా రావాలె" అని పిలుస్తున్నరు. నన్ను గారు అన్నది ఈ జన్మల అదే మొదటిసారి, అదీ గోడవతల నుంచి.

పలకల గోడ ఎట్లుంటదో నీకెరుక. కంబాలకు గాడి ఉంటది, పలక పైనుంచి దిగుతది. దిగింది మళ్ళ లేస్తది. చాంది మొగడు లాలు, ఇంకా బొగ్గు లోడింగుల పనిచేసే మనోళ్ళు లోపల ఉన్నరు. నేను గోడ మీద కట్టెతోని కొట్టి లాలూ అని పిలిచిన. సార్ దిక్కు చూసిన. ఆయన గడియారం చూసుకున్నడు. "ఈ ఒక్క పూటకే" అన్నడు. ఆ మాట అన్నడు, నలుగురు విన్నరు, నువ్వు కాగితంల పెట్టుకో.

పలకలు ఎత్తిండ్రు. ఒక్కటి కూడ పగల్లే. నీ ప్లాను పాడుచేసిందని నన్ను అనేటందుకు లేదు.

ఆ సందుల నుంచి జంపయ్య లోపల అడుగుపెట్టిండు. నేనూ ఎనకనే పోయిన. ఆ మూలకు ఒక గద్దె ఉంది, కడిగినట్టు ఖాళీగ. దాని మీద కూసున్న. ఆయన మోదుగాకు దొప్పల ఉసిరికాయలు నా ముంగట పెట్టిండు. మెత్తళ్ళు పోసిన. అటెన్క లేచి ఒక్కొక్కరి కాడికి పోయిన. సంగీత కాడ మిరపకాయలు కొన్న. నేను చేతిల పెట్టిన రూపాయి కండ్లకు అద్దుకుంది చూడు, ఆ పెద్ద సారు కూడ చూసిండు. ఫోటోలోళ్ళు అప్పటికే పోయిండ్రు, తిననీకి.

అంత మంచిగైంది అనుకోకు. గూడెమోళ్ళు సగం మందే లోపలికి వచ్చిండ్రు. మిగిలినోళ్ళు బాట మీదనే నిలబడి చూసి పోయిండ్రు. నిన్న సెక్రటరీ వచ్చిండు, పలకలు మళ్ళ పెట్టాలె, ఎక్కడున్నయ్ అన్నడు. చూస్తున్నం అన్న. ఆయన వాటి మీదనే నిలబడి అడిగిండు. సంగీత వాటిని బాయి కాడ ఏసి బట్టలు ఉతుకుతుంది.

వచ్చే గురువారం ఏమైతదో తెల్వదు. నాకు ఇంట్ల కాలు నిలుస్తలేదు.

మీ అమ్మమ్మ


హైదరాబాద్,
5 డిసెంబర్ 2025

అమ్మమ్మా,

నీ జాబు మా ఆఫీసుల ముగ్గురు చదివిండ్రు. నేను ఇయ్యలేదు, అటెండర్ వాసన పట్టి తీసుకుపోయి చదివిండు, ఆయన నుంచి మిగిలినోళ్ళు.

నా ఆఖరి పని యార్డు ప్లాను మళ్ళ గీసి ఇచ్చుడు. కట్టుడు అయిపోయినంక, కట్టింది ఉన్నది ఉన్నట్టు గీసి ఫైల్ల పెట్టాలె. ఇంజనీరు పోయిన వారం వచ్చి కొలిచి ఫోటోలు తీసుకుపోయిండు. ఆ ఫోటోలల్ల, వెనక గోడకు సందు ఉంది. ఉన్నది ఉన్నట్టు గీయమన్నరు గదా. గీసిన. పక్కన "గేటు" అని రాసిన. హరిప్రసాద్ సార్ ఆ మాట మీద వేలు పెట్టిండు. "ఒక్క పూటకే అన్న గదా" అన్నడు. మీరు కొలిపిచ్చిన రోజు ఆ పూట కాదు సార్, అయినా సందు ఉంది అన్న. సంతకం పెట్టిండు.

ఇప్పుడు దాన్ని మూయాలంటే కాగితం కావాలె. ఆ కాగితం ఎవరు ఇస్తరని అడిగితే, ఒక్కొక్కరు ఇంకొకరి పేరు చెప్తరు.

వాచ్‌మన్ లేడు, తలుపు లేదు. ఫారెస్టు వాళ్ళు ఏమంటరో తెల్వదు. నాకు తోచింది ఇంతే.

ఈ నెలాఖరుకు ఇక్కడ గది ఖాళీ చేస్తున్న. తర్వాత ఏందో ఇంకా తెల్వదు. కోపం పోయిందా?

భవాని


రేగులకుంట,
16 డిసెంబర్ 2025

బిడ్డా,

కోపం పోయిందా అని అడుగుతవు. కోపం పోతే నేను పొద్దుగాల లేచేది దేని మీద?

గేటు గీసినవంట, విన్న. సంగీత చదివి ఎగిరింది. నేను చేపలు ఎక్కడ గీసినవని అడిగిన. అది మళ్ళ కాగితమంత చూసి, ఆ ముక్క రాయలేదు అత్తమ్మా అంది. రాయకున్నా నాకెరుక. నువ్వు మొదట గీసిన తావే అది. ఎనక గోడ, బాత్రూముల పక్క, మూల. మొత్తం లొల్లి చేసి, గోడ తీపిచ్చి, నేను పొయ్యి కూసున్నది నువ్వు పెట్టిన గద్దె మీదనే. మొన్న కూసోని తల ఎత్తి చూస్తే అర్థమైంది. గుట్ట మీదోళ్ళు దిగి ముందు నన్నే చూస్తున్నరు. సంగీత నవ్వింది. నువ్వు కూడ నవ్వుతవు. నవ్వుకోర్రి. కానీ రాసుకో, నువ్వు పెట్టినందుకు కూసోలే నేను. నా కాళ్ళ మీద నేను పోయి కూసున్న.

పోయిన గురువారం జంపయ్య వచ్చిండు. మొదట మర్లిపోయినోళ్ళల్ల ఇద్దరు ఆడోళ్ళు కూడ వచ్చిండ్రు, సందుల నిలబడి లోపలికి తొంగిచూసి, దిగిండ్రు. ఈ గురువారం ఇంకెవరన్న దిగుతరా చూడాలె. నేను ఇప్పటికీ ముందు వాగొడ్డుకు పోయి, అటెన్క యార్డుకు పోతున్న. తెల్వక ఎవరన్న పాత తావుకు దిగితే చెప్పాలె గదా. ఆ కుక్క కూడ నా ఎంట వస్తుంది.

సంగీత సంతల నీళ్ళు తాగుతుంది. చెంబు దాని గద్దె మీద పెట్టిచ్చిన, నా గద్దె నుంచి కనపడేటట్టు.

గది ఖాళీ చేస్తవంట. సామాను మోసుకొని ఎటు పోవాలో అని ఆలోచన చెయ్యకు. గురువారం రా. మెయిన్ రోడ్డు దిక్కు కాదు, గుట్ట బాటల రా. ఎట్లుంటదో నడిచి చూడు. వచ్చి నా ముంగట ఏదో ఒకటి పెట్టు, ఆకైనా సరే. జంపయ్యకు చెప్పిన, ఒక్కనాడు ఆగుమని. ఆనాడు నా బోణి నీదే.

మీ అమ్మమ్మ
(కింద గీసింది ఏలిముద్ర కాదు. రా అని రాసిన. చాంది నేర్పింది. మిగిలినవి నువ్వొచ్చి నేర్పు.)